బస్

ఫారెస్ట్ గార్డు వాఘమారే సాహెబుకు వార్ధా బదిలీ అయింది.
టెంపోల మంచం ఎక్కింది, కూలరు ఎక్కింది,
తులసికుండీ సుత ఎక్కింది.
కుక్క ఎక్కలె.
"రెండు దినాలు చూడుండ్రి, వచ్చి తోల్కపోత" అన్నడు.
గా రెండు దినాలకు ఇప్పుడు పదకొండేండ్లు.

పేరు ఖండ్యా.
రా అంటే రాదు, పో అంటే పోదు.
కూసో అంటే మా మొకాలు చూసుకుంట నిలబడేది,
సదువు రానోడు కచేరిల కాయితం పట్టుకోని నిలబడ్డట్టు.
మా చిన్నది బడిల నేర్చిన మరాఠీ ఇంటికి తెచ్చి
"ఖండ్యా, బస్" అన్నది.
కూసున్నది.
తోకతోని వాకిలి ఊడ్చింది.

నేను సిరొంచల పుట్టిన, సిరొంచలనే ఇచ్చిన్రు.
కాయితాల మీద మరాఠీ, నోట్లె తెలుగు.
తహసీల్ల సంతకానికి నేర్వని భాష
కుక్కకు నీళ్లు పెట్టుటానికి నేర్చిన.
యే అంటే రా.
థాంబ్ అంటే ఆగు.
నకో అంటే వద్దు, అది శెప్పులు కొరికేటప్పటిది.
జా అంటే పో. దాంతోని అక్కర పడలె.

చిక్కు ఒక్కటే.
మా ఇంట్ల బస్ అంటే చాలు.
అన్నం పెడుతుంటే సమ్మయ్య చెయ్యి అడ్డం పెట్టి
"బస్, బస్" అంటడు.
గడప బయట అది కూసుంటది,
రెండో బస్‌కు ఏం చెయ్యాల్నో తెల్వక
లేచి మళ్ల కూసుంటది.
అహేరి బండి కనపడి పిల్లలు "బస్ వచ్చె" అని ఉరికితే
నడి తొవ్వల కూసుంటది,
డ్రైవరు హారన్ కొట్టి కొట్టి, దిగి వచ్చి, దండం పెట్టేదాక.

సుఖపెట్టిందా అంటే,
పోశవ్వ కోళ్లు నాలుగు తిన్నది. పైసలు నేను కట్టిన.
ఎండలు ముదిరితే గోమార్లు.
చెవులు తిరగేసి ఒక్కొక్కటి పీకి
గ్యాసునూనె డబ్బల ఏసుకుంట కూసుంటే
పొయ్యి మీద పప్పు మాడేది.
పశువుల డాక్టరు బర్లనే చూస్తడు,
"కుక్కనా? నది అవతలికి తీస్కపో" అన్నడు.
సూది కోసం మోపెడ్ మీద
ఇద్దరి నడుమ ఇరికిచ్చుకోని గోదారి దాటినం.
వంతెన సగంల, రాష్ట్రం మారే కాడ, ఒక్కసారి మొరిగింది.
ఎందుకో తెల్వదు. గాలికేమో.

సమ్మయ్య తునికాకు కల్లానికి పోయిన నెల
నాకు చలిజ్వరం.
కాళ్ల మీద పండి, తెల్లారేదాక కదలలె.
దుప్పటి కన్న బరువు.
గా బరువుకే నిద్ర పట్టింది.

మొదటి మూడేండ్లు
టెంపో సప్పుడైతే తలకాయ లేపేది.
నాలుగో ఏడు లేపలె.
గా దినం నేనే ఆగి తొవ్వ దిక్కు చూసిన.

ఇప్పుడు ఎనక కాళ్లు పట్టు ఇడిసినయ్.
కూసునుడు దానికి పెద్ద పని.
నడుము వంచాలె, వణకాలె,
పక్కకు ఒరిగి గోడను దేవులాడాలె,
ఆఖరికి ఎండుకట్టెల మోపు దించినట్టు
దబ్బున పడాలె.

మొన్న రాత్రి అత్తకు అన్నం పెడుతున్న.
అలవాటుగ "బస్" అన్నది.
ఉరుము ఇనపడని చెవులు
గా ఒక్క మాట ఇన్నయ్.
గడప బయట వంగుడు మొదలైంది.
కలిపిన ముద్ద చేతిల పట్టుకోని చూసినం.
అది కూసునేదాక
ఎవరం నోట్లె పెట్టలె.

గప్పటి సంది మా ఇంట్ల ఆ మాట లేదు.
ఎవరికి ఎవరం చెప్పుకోలె.
సమ్మయ్య "సాలు" అంటడు.
అత్త "ఇగ సాలు బిడ్డా" అంటది.
కాలేజీకి పోయే మా చిన్నది
"ఎర్రబండి వచ్చె" అనుకుంట ఉరుకుతది.

నిన్న తలాఠీ వచ్చిండు, ఏదో లెక్కకు.
మరాఠీ మనిషి, పెద్ద మనిషి.
బసా అని నోటిదాక వచ్చింది.
మింగిన.
కుర్చీ ఏసి, తువ్వాలతోని తుడిచి,
చేత్తోని చూపిచ్చిన.
మూగది అనుకున్నడో ఏమో,
ఆయన కూడ చేత్తోనే "నీళ్లు" అని అడిగిండు.

గడప బయట ఖండ్యా
నిలబడే ఉన్నది.