పద్దెనిమిది పొక్కల ప్లేటు

సూర్ సనాయల మా షాపుకు
ఖల్ఫాన్ ముసలాయన తువ్వాలల చుట్టి తెచ్చిండు
రెండు అల్యూమినియం చక్రాలు.
పడవ మోటరు సామాననుకున్న.
"దుర్బీనువి" అన్నడు వచ్చీరాని హిందీల.
చుక్క ఏ గంట గీత మీద ఉంటదో ఒకటి చెప్తదట,
ఎంత ఉత్తరాన ఉంటదో ఇంకొకటి.
ఇప్పుడు రెండూ ఏం చెప్తలేవు.

సగం ఉప్పుగాలి తిన్నది.
సగం ఆయన బొటనవేలే తిన్నది,
ఇరవై రెండేండ్లు చీకట్ల తడిమి తడిమి.
ఏడు ఉన్న కాడ ఒక తోక.
పదమూడు ఉన్న కాడ బట్టతల.
నీళ్ళ ప్లాంటుల పనిచేసి దిగిపోయిన మనిషి,
బతుకంతా సముద్రంల ఉప్పు తీసుడే.
పగబట్టి ఇంట్లకొచ్చి అంకెలు మింగింది అని
తనే నవ్విండు.

అల్యూమినియం వద్దన్న, ఇత్తడి పెడ్దామన్న.
ఎనిమిదంగుళాల బిళ్ళను లేతుకెక్కించి ముఖం సాపు జేస్తే
శనగపొట్టు తీరుగ రాలింది.
ఇగ డివైడింగ్ హెడ్డు.
హ్యాండిల్ నలభై సుట్లు తిరిగితే
బిళ్ళ ఒక్క సుట్టు.
పద్దెనిమిది పొక్కల ప్లేటు బిగించిన.
డిగ్రీకి రెండు పొక్కలు,
పది నిమిషాలకు ఐదు.
ఆకాశం లెక్క ఇంత సుళువని
పదో తరగతి తప్పినోనికి ఎవలు చెప్తరు?

పిన్ను గుంజుడు, ఐదు లెక్కపెట్టుడు,
పిన్ను వదులుడు, గీత గీసుడు.
నూటపదకొండో గీత కాడ ఫోను మోగింది.
"ఎల్లేశన్నా, ఇయ్యాల బియ్యం నీ వంతు" అని గంగమల్లు.
తెస్త అన్న.
అన్నంక చూస్తే, నాలుగా, ఐదా?
పిన్ను మీద చెయ్యి అట్లనే ఉన్నది.
చెమట మాత్రం కండ్లల్లకు దిగింది.
సున్న దాక వెనక్కి పోయి
మల్ల అన్ని గీతలూ అడుక్కుంట వచ్చిన.

అంకెలు అరబ్బీల కావాలన్నడు.
ఆ పంచులు దొరకయి.
పాత డ్రిల్లు ముక్కలు గ్రైండరు మీద అరగదీసి
నేనే చేసుకున్న.
వాళ్ళ ఐదు మన సున్న లెక్క గుండ్రం.
వాళ్ళ సున్న
ఒట్టి చుక్క.
ఒక్క దెబ్బకు అయిపోయింది.

మూడోనాడు చేతుల పెడితే
తిప్పి తిప్పి చూసిండు, ఏం అనలే.
ఆయన ఏం అనకపోవుడే నాకు దెబ్బ.
గడియారం తీరుగ కొట్టిన నేను.
ఆయన మౌంటుకు ఉల్టా రావాలె,
తూర్పుకు పోయినకొద్ది గంట పెరగాలె.
బిళ్ళను బోర్లేసి
వెనక ముఖం మీద మళ్ళ మొదలువెట్టిన.
ఆ పనికి పైసలు రాసుకోలే.

శుక్రవారం రాత్రి నన్ను బండెక్కించుకొని
ఊరి లైట్లు దాటిచ్చిండు.
డిసెంబరు చలి, ఇసుక మీద దుప్పటి.
"ముందు తెలిసిన దానికి గురిపెట్టాలె,
చక్రాన్ని దాని అంకెకు జరిపి బిగియ్యాలె.
తెలవనిది అప్పుడే దొరుకుతది" అన్నడు.
తెలిసింది ఆయనకు దబరాన్.
"మీ హిందీలు రోహిణి అంటరు."

రోహిణి అంటే నాకు కార్తె.
రోళ్ళు పగిలే ఎండ, బుగ్గయి ఎండిన బాయి.
అదొక చుక్కని
ముప్పై ఎనిమిదేండ్లకు తెలిసింది.
ఎర్రగ కాలిన డ్రిల్లు మొన రంగుల ఉన్నది.

అక్కడి నుంచి తూర్పుకు ఆరు గీతలకు జర తక్కువ,
ఉత్తరానికి ఐదున్నర డిగ్రీలు.
టార్చికి ఎర్ర కవరు చుట్టి నేనే చదివిన.
కొత్త గీతల అంచు ఇంకా వేలికి గరుకు తగుల్తున్నది.
"కన్ను పెట్టు."
మొదలు ఏం లేదు.
కొంచెం ఓపిక పడితే
అద్దం మీద ఊదిన ఊపిరంత మసక.
పేలిపోయిన చుక్కట.
ఆ పేలుడు ఇక్కడోళ్ళు చూసి
దగ్గర దగ్గర వెయ్యేండ్లట.
చూసింది చాలక మల్ల చూసిన.

వాపసు వచ్చేటప్పుడు ఇద్దరం మాట్లాడలే.
నాకు ఆ రెండో ముఖం మతికొస్తున్నది.
ఇనుముకు ఆనుకొని, ఎవలకు కనవడకుండ,
నేను తప్పు కొట్టిన ఇరవై నాలుగు గంటలు
ఆ ఇత్తడి కిందనే ఉన్నయి,
ఉల్టా తిరిగే ఏదో ఆకాశానికి
సరిగ్గనే లెక్క చెప్పుకుంట.