ఒలందుల దిబ్బ దగ్గర ఆదివారం

ప్రార్థన అయ్యాక
ఏజెంటు సూరన్న ట్రక్కు ఆటో మాట్లాడాడు.
ఏడాదికోసారి లేసు ఆడాళ్లకి షికారు.
అంతర్వేది వద్దంది దయామణి, సముద్రం మొహం మొత్తిందని.
దిండి వద్దంది మంగాయమ్మ, బోటు టిక్కెట్టు దండగని.
ఆఖరికి తేలింది
ఉప్పుటేరు పక్కన ఒలందుల దిబ్బ.
చచ్చినోళ్లు టిక్కెట్టు అడగరు.

తాళం కాపలా మనిషి దగ్గరుంది.
కాపలా మనిషి రొయ్యల చెరువు దగ్గరున్నాడు.
అతనొచ్చేదాకా గేటు బయట
పదకొండు మందిమీ దారపుండలు తీశాం.
చెయ్యి ఊరికే ఉండదు మాకు.

లోపల తుమ్మ పొదలు, నాలుగు మేకలు,
మనిషి పడుకునేంత నల్లరాతి బల్లలు.
కొన్ని పగిలాయి. కొన్ని ఓ పక్కకి కుంగాయి,
ఒడిలో నిద్రపోయే పిల్లాడి తలలా.

కెజియా ఇంటరు చదువుతోంది, దాన్ని చదవమన్నాం.
వేలు పెట్టి చాలాసేపు కూడబలుక్కుంది.
"అక్షరాలు ఇంగ్లీషువే అత్తా,
మాట ఇంగ్లీషు కాదు."
అంకెలు మాత్రం చెప్పింది. మూడొందల ఏళ్ల పైమాట.
పైన ఓడ బొమ్మ, కింద పుర్రె.
పుర్రెకి పళ్లన్నీ ఉన్నాయి,
మా ఆయనకే నాలుగు తక్కువ, అంది మంగాయమ్మ.
నవ్వాం.
నవ్వాక లెంపలేసుకున్నాం.

ఇంత దూరం దేనికొచ్చారే వీళ్లు?
"గుడ్డకి," అన్నాడు కాపలా మనిషి,
"మన నేత గుడ్డ, ఓడల కొద్దీ."
దారం వెతుక్కుంటూ వచ్చి
ఉప్పు మట్టిలో ఉండిపోయారన్నమాట.
అప్పుడు కాస్త మా వాళ్లలా కనపడ్డారు.

గొడవ పులిహోర దగ్గరొచ్చింది,
సమాధి మీద విస్తళ్లు పరవొచ్చా అని.
పరవొచ్చంది సువార్తమ్మ. వెంకాయమ్మ ఒప్పుకోలేదు,
చాప తెచ్చుకుని ఎడంగా కూర్చుంది.
మేకలు ఇద్దరి దగ్గరికీ వెళ్లాయి.

తింటూ తింటూ సువార్తమ్మే అంది:
"అమ్మ పెట్టెలో లేసు సూది పెట్టాను.
పాస్టరుగారు చూడకుండా, చీర మడతలో.
అరిగి అరిగి దానికి
అమ్మ బొటనవేలి గుంట పడిపోయింది.
వేరేవాళ్ల చేతికి ఎలాగూ అమరదు."

ఎవరమూ ఏమీ అనలేదు.

గోడ వారన ఇంకో రాయుంది, చిన్నది.
పేరు లేదు, అంకె లేదు, ఓడ లేదు.
అంచు మాత్రం చెక్కారు,
ఆకు, తీగ, మళ్లీ ఆకు.
పల్లాలమ్మ గొంతుక్కూర్చుని జానతో కొలిచింది.
మూడు జానలు, నాలుగు వేళ్లు.
"మావాడిదీ ఇంతే" అంది.

కాలవ గట్టున పెట్టారు వాణ్ని, రాయి లేకుండా.
మూడో ఏడు పొక్లెయిను వచ్చి
గట్టు వెడల్పు చేసింది.
ఆ రోజు పల్లాలమ్మ ఆర్డరు పని చేస్తూనే ఉంది,
డజను టేబుల్ గుడ్డలు, గడువు మర్నాడే.

ఇప్పుడు సూది తీసింది.
రాతి అంచు చూస్తూ గొలుసు వేసింది.
ఆరు గొలుసులు, మూడు కాడలు,
ఒకటి వదిలి మళ్లీ ఆరు.
ఎండ మా వీపుల మీంచి గోడెక్కింది,
ఆమె లేవలేదు.
మూల మలుపులో చెక్కినవాడు లెక్క తప్పాడు.
ఒక ఆకు తక్కువ.
చూపించాను.
"ఉండనీ వదినా" అంది.
అదీ అలాగే అల్లింది.

చించినాడ వంతెన మీద గాలికి
అందరం పమిటలు పట్టుకున్నాం.
సూరన్న ముందు సీట్లోంచి తిరిగి చూశాడు.
"కొత్త డిజైనా? పైదేశాలోళ్లు ఇలాంటివే అడుగుతున్నారు.
ఈ మూల ఒక్కటీ సరిచెయ్యి."

పల్లాలమ్మ దాన్ని ఉండకి చుట్టి
సంచి అడుక్కి తోసేసింది.
"ఇది నీ లెక్కలోది కాదు."

వశిష్ఠ కిందనుంచి వెళ్తూనే ఉంది.
సంచిలో దారం
ఆమె ఇంకా తెంపలేదు.