దిగుడులో మూలుగు

ఎక్కేటప్పుడు ఏమీ లేదు.
మొగిలి ఘాట్‌లో రెండో గేరులో,
వెనక మందుల పెట్టెతో,
బండి తన పని తాను చేసుకుంటూ ఎక్కింది.
పలమనేరు నుంచి తిరిగి దిగుతుంటేనే,
యాక్సిలేటర్ వదిలిన ఆ ఒక్క క్షణాన
టక్. టకటక్.
చేటలో చింతగింజలు ఎవరో కదిపినట్టు.

బంగారుపాళ్యంలో మామిడి మండీకి ఎదురుగా
చెంగల్రాయులు షెడ్డు.
సెంటర్ స్టాండు వేసి చక్రం తిప్పాడు.
చప్పుడు లేదు.
చైను కింద వేలు పెట్టి ఎగరేశాడు,
వదులు ఉండాల్సినంతే ఉంది.
స్ప్రాకెట్ పళ్ళు కొక్కేల్లా వంగలేదు.
ఆయిల్ చుక్క వేళ్ళ మధ్య రుద్ది
ఎండకి పట్టి చూశాడు, ఇనప రజను లేదు.
"బండికేమీ లేదు సారూ,
నీ చెవిలో ఉండాది."

నాకు కోపం రాలేదు.
ఇదే మాట నేనూ అన్నాను,
పోయిన ఆషాఢంలో, కీలపల్లె కుప్పమ్మతో.
ఆవు నెమరేస్తోంది. జ్వరం లేదు.
ఎడమ డొక్క మీద స్టెతస్కోపు ఆనించి
వాచీ చూసుకుంటూ విన్నాను.
రెండు నిమిషాల్లో మూడుసార్లు
దూరంగా ఎక్కడో ఉరిమినట్టు కడుపు తిరిగింది.
"బాగానే ఉందమ్మా" అన్నాను.
"గుట్ట ఎక్కేటప్పుడు కాదు సారూ,
దిగేటప్పుడు మూలుగుతాది" అంది.
నవ్వి, అరుగుదల పొడి ఇచ్చి వచ్చేశాను.

పదకొండో రోజు కోసి చూస్తే
రెండో పొట్టలో అంగుళంన్నర కట్టుతీగ,
మొన గుండె వైపు.
బరువంతా ముందుకు జారినప్పుడే
అది గుచ్చుకునేది.
పుస్తకంలో ఉంది.
పరీక్షలో రాశాను కూడా. మంచి మార్కులు.

"ఇక్కడ కాదు చెంగల్రాయులూ,
దిగుడులో విను" అన్నాను.
నా స్టెతస్కోపు చెవులకు తగిలించుకుని
వెనక కూర్చుని ఒక పక్కకి వంగి
స్వింగ్ ఆర్మ్ మీద బిళ్ళ అదిమిపెట్టాడు.
మండీ ముందు కాయలు ఏరే ఆడవాళ్ళు
పని ఆపి చూశారు.
వాలులో యాక్సిలేటర్ వదిలాను.
పట్టాను. మళ్ళీ వదిలాను.
"ఆపు" అన్నాడు. "దొరికినాడు."

చక్రం ఊడదీస్తే
హబ్బులో రబ్బర్లు నాలుగూ
పాత మామిడి తాండ్రలా పగిలి ఉన్నాయి.
"ఎక్కేటప్పుడు ఇంజను చక్రాన్ని లాగుతాది.
దిగేటప్పుడు చక్రం ఇంజన్ని తోస్తాది.
రెంటికీ నడమ ఒకడు దెబ్బలు తినాల గదా సారూ.
తిని తిని, వాడు పోయినాడు."
రబ్బర్లు నూటెనభై.
కూలి అడిగితే
స్టెతస్కోపు వైపు చూసి, వద్దులే అన్నాడు.

మళ్ళీ ఇద్దరం అదే వాలుకి పోయాం.
వదిలాను. నిశ్శబ్దం.
ఇంకాస్త కిందికి,
టక్.
ఒక్కటే, చిన్నది.
చెంగల్రాయులు వీపు వెనక బిగుసుకున్నాడు.
"ఇంకా ఉండాది సారూ."

"అది బండిది కాదు" అన్నాను.
మందుల పెట్టెలో, వేలంత పొడుగు అయస్కాంతం.
ఆవుకి మింగించేది. కడుపులో తీగను పట్టి ఉంచేది.
ఆషాఢం తర్వాత కొన్నాను.
దిగుడు వచ్చినప్పుడల్లా
ముందుకు దొర్లి కొడుతుంది.

గుడ్డ చుట్టమన్నాడు.
చుట్టలేదు.