ముప్పై ఏడో ఆకు

నా పనిముట్ల పెట్టె మీద స్టిక్కర్లు మూడు,
ఒకదాని మీద ఒకటి.
అడుగున బ్రాంట్నర్, మాసిన నీలం అక్షరాలు.
దాని మీద బ్రాంట్నర్-విక్‌హోల్మ్.
మధ్యలో ఆ చిన్న గీత
నాలుగేళ్ళు బతికింది.
పైన ఇప్పుడు సెల్వెరా.
ఎవరి ఇంటిపేరూ కాదు,
డబ్బిచ్చి పుట్టించిన మాట.

విలీనం అన్నారు ఉత్తరంలో.
నది సముద్రంలో కలిసినట్టు, అని కూడా రాశారు.
మోంతెవిదేయో వాణ్ణి,
నది సముద్రంలో కలిసేచోటే ఈత నేర్చినవాణ్ణి.
అక్కడ నీళ్ళ రంగు రోజుకొకటి,
తాగడానికి మాత్రం ఏ రోజూ పనికిరావు.

"మీకు ఏ మార్పూ తెలియదు" ఆఖరి వాక్యం.
నిజమే.
సోమవారం దాకా తెలియలేదు.

సోమవారం తకువారెంబో ఆసుపత్రిలో యంత్రం ఆగింది.
దానికి నూట ఇరవై టంగ్‌స్టన్ ఆకులు.
కణితి ఎంతో అంతే తెరుచుకుని
మిగతా ఒంటిని నీడన ఉంచుతాయి.
ముప్పై ఏడోది కదలనంది.
ఒక్క ఆకు మొండికేస్తే కిరణం రాదు.
అలా కట్టారు దాన్ని, భయం తెలిసినవాళ్ళు.

బయట బెంచీ మీద దోన్యా ఎర్మెలిందా,
ఒళ్ళో బూడిదరంగు ఉన్నిబంతి.
ఇరవై అయిదింటిలో పదకొండు అయ్యాయి.
"పన్నెండోది రేపా?"
రేపే అన్నాను.
ఆ మాట అనే హక్కు నా ఉద్యోగంలో లేదు.

పాత నంబరు కొత్త నంబరు చెప్పింది.
కొత్త నంబరు చాలాసేపు పియానో వాయించింది.
చివరికో కుర్రాడు, ఏ దేశంవాడో, మర్యాదస్తుడు:
ఆ మోడల్ బ్రాంట్నర్ వాళ్ళది సార్.
బ్రాంట్నర్ అంటే మీరే కదా?
మేమే సార్. ఆ మోడల్ మాత్రం మాది కాదు.
ఒక ఒరలో రెండు కత్తులెందుకని
ఒకటి తీసి పారేశారట.
అది పారేసిన చోట మనుషులు పడుకుని ఉన్నారని
అతనికి చెప్పలేదు.
అతని పెట్టె మీదా ఓ స్టిక్కరు ఉండే ఉంటుంది.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాం.
వీళ్ళు ఏటి మధ్యలో తెప్ప పేరు మార్చి
పాత పేరు తెప్పకి తాళ్ళమ్మం అంటున్నారు.

రెండేళ్ళ కిందట మెలోలో ఓ బ్రాంట్నర్ తుక్కుకి పోయింది.
నన్నే విప్పమన్నారు.
ఆ సాయంత్రం నా జేబులు బరువుగా ఉన్నాయి.
ఇంట్లో, అటక మీద, మాతే ఆకు డబ్బాలో
తొమ్మిది మోటార్లు,
చిటికెనవేలంత, దూది చుట్టి.
రాత్రంతా రూట్ అయిదు మీద పోయి, వచ్చాను,
యూకలిప్టస్ దుంగల లారీల వెనక,
ఎనిమిది వందల కిలోమీటర్లు, 
ఎడమ వైపరు పనిచెయ్యని వాన.

ఫిజిసిస్టు నేలిదా బెంతంకోర్ మోటారు వాసన చూసింది.
ఎక్కడిది?
మెలో.
ఇంకేం అడగలేదు.
ఫిల్ము పెట్టి కిరణం వదిలింది, వెలుతురుకి పట్టుకుంది,
మళ్ళీ పెట్టింది. మూడుసార్లు.
గీతలు గీతల్లాగే ఉన్నాయి.
"నువ్వు చేసింది నువ్వు రాయి, వాషింగ్టన్.
నేను చూసింది నేను రాస్తాను."

విడిభాగం ఎక్కడినుంచి, అని ఫారంలో ఓ గడి.
సెల్వెరా యూరప్. సెల్వెరా ఆసియా. సెల్వెరా అమెరికాలు.
ఇతరములు నొక్కి
మాతే డబ్బా అని కొట్టాను.
తీసుకుంది.

తెర వెలిగేటప్పుడు, కొత్త గుర్తు రాకముందు,
అర సెకను ఆ నీలం అక్షరాలు వస్తాయి ఇప్పటికీ.
చెరపడం మరిచారో,
చెరిపితే ఏం ఆగిపోతుందోనని జంకారో.

"పన్నెండు" అంది దోన్యా ఎర్మెలిందా,
ఉన్నిబంతి నా చేతిలో పెట్టి లోపలికి నడిచింది.
బరువు తలుపు మూసుకుంది.
గోడ అవతల ఆకులు కదులుతున్నాయి,
రేకుల మీద తొలి చినుకుల్లా.
ముప్పై ఏడోదాని కోసం చెవి ఒగ్గాను.
వేరుగా ఏమీ వినపడలేదు.