ఏడో మెట్టు

కర్లింగ్ క్లబ్ వెనక, చెత్తడబ్బాల పక్కన
రేయో వ్యాన్ తలుపు పైకెత్తి ఉంది.
థండర్ బేలో ఫిబ్రవరి. మైనస్ ఇరవై రెండు.
మాట నోరు దాటగానే పొగై
చెప్పినవాడి ముఖానికే తగులుతోంది.
లోపల ఎవరిదో యాభయ్యో పెళ్ళిరోజు, కేకు కోస్తున్నారు.
మాకు ఇరవై నిమిషాలు.

ముగ్గురూ బాస్ వాళ్ళే.
నేను డ్రమ్ములవాణ్ణి, చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను.
నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఓరెస్ట్ ఈ రాత్రి వాయించడానికి రాలేదు,
చూపించడానికి వచ్చాడు. కొత్తది, ఐదు తీగలు.
"ఐదోది దేనికి?" అంది డార్సీ.
"ఇంకా కిందికి పోడానికి."
"ఎంత కిందికి?"
"మనుషులకి వినపడనంత," అన్నాడు గర్వంగా.

డార్సీది సింప్సన్ వీధి తాకట్టుకొట్టు సరుకు.
పొట్టి మెడ. వీపు మీద ఎవరో మేకుతో గీకిన పేరు,
ఇంకెవరో దాన్ని చెరపబోయి సగంలో విసిగిపోయారు.
ఎవరి పేరో ఆమెకి తెలీదు.
"పాపం, ఏ నెల అద్దె కోసం అమ్ముకున్నాడో," అంటుంది
నడుస్తున్నప్పుడు దాని నెత్తి గుమ్మానికి తగిలితే.

రేయోది డెబ్భై తొమ్మిదిలో కొన్నది,
కాగితం మిల్లు తొలి బోనస్‌తో.
ముంజేయి ఆనే చోట రంగు పోయి కొయ్య బయటపడింది,
వాడిన చెప్పులో పాదం గుర్తులా.
"తీగలెప్పుడు మార్చావు?"
"మా రెండోవాడు పుట్టకముందు."
"వాడికిప్పుడెంత?"
"ముప్పై ఒకటి."

ఓరెస్ట్ జేబులోంచి చేపలు తూచే కాటా తీశాడు.
వ్యాన్ కప్పుకి తగిలించి, పట్టీతో ఒక్కోదాన్నీ వేలాడదీశాడు.
రేయోది పదిన్నర పౌన్లు.
"పెద్ద సొరస్సు కింద ఇంత ట్రౌట్ పడితే
ఫొటో దిగేవాళ్ళం," అన్నారు.
డార్సీది ఏడూ ముప్పావు. "దీన్ని నీళ్ళలో వదిలెయ్, పెరగనీ."

"ఒక్క పాటకి నీది ఇస్తావా?" అంది డార్సీ.
రేయో ఆమెకేసి
నోట్లో పళ్ళసెట్టు అడిగినట్టు చూశాడు.
తర్వాత ఇచ్చాడు.

రెండో విడతలో మొదటి వాల్ట్జ్ మాతో ఆమె వాయించింది.
బాగానే నడిచింది, మలుపు దాకా.
అక్కడ సన్న తీగ మీద ఏడో మెట్టు నొక్కితే
స్వరం టక్కున చచ్చింది.
చీకట్లో లేని మెట్టు మీద కాలేసినట్టు
ఆమె తూలింది, పాట తూలింది,
కేకు ప్లేట్లతో నిలబడ్డవాళ్ళు కారణం తెలీక తలలెత్తారు.

ఇరవై ఆరేళ్ళు అతని పక్కనే కూచుని కొట్టాను.
ఆ మలుపులో రేయో కిందినుంచి జారుతూ వచ్చి
ఆ స్వరాన్ని తాకీ తాకకుండా దాటిపోతాడు.
ఊళ్ళో కుర్రాళ్ళు దాన్ని రేయో జారుడు అంటారు,
నేర్చుకుంటారు, వాళ్ళ గిటార్లలో ఏ లోటూ లేకపోయినా.

తర్వాతి పాటకి డార్సీది అతను తగిలించుకున్నాడు.
అతని పొట్ట మీద అది బొమ్మలా ఉంది.
మలుపు వచ్చింది. అలవాటుగా చెయ్యి కిందినుంచి బయల్దేరింది,
మధ్యలో ఆగింది.
తిన్నగా పోయి ఏడో మెట్టు నొక్కాడు.

మోగింది.

నేను లెక్క తప్పాను. అతను చూడలేదు.
మళ్ళీ నొక్కాడు. పాటలో లేని చోట ఇంకోసారి.
పెళ్ళిరోజు దంపతులు ఎందుకో అదనంగా ఒక చుట్టు తిరిగారు,
ముసలాయన ఆమె కాలు తొక్కాడు.

సామాన్లు ఎక్కించేటప్పుడు తలా అరవై ఐదు డాలర్లు,
రేకు కాగితంలో చుట్టిన పెరోగీలు.
"నీదాన్లో ఒక స్వరం లేదు, తెలుసా?" అంది డార్సీ.
"తెలుసు."
"మరి బాగు చేయించుకోలేదేం?"
రేయో పెట్టె గొళ్ళేలు ఒకటొకటిగా వేస్తున్నాడు.
మూడోది గడ్డకట్టింది, నోటితో ఊదాడు.

ఓరెస్ట్ అప్పటికీ కాటా దగ్గరే ఉన్నాడు.
కొక్కేనికి ఏమీ లేదు,
ముల్లు పావు పౌను చూపిస్తోంది.
"అయితే ఇందాక తూచినవన్నీ తప్పే," అన్నాడు,
మళ్ళీ తూద్దామంటాడేమోనని
నేను వెళ్ళి ఇంజను తిప్పాను.