గంజి పెట్టిన పేక

చూళై సందులో, మూడో అంతస్తు మెట్ల మలుపులో
నా కార్ఖానా:
ఊడిపోయిన గడ్డం బ్రష్షు, రెండు హార్లిక్స్ సీసాలు,
పరిచిన అరవ పేపరు.

మైలాపూరులో వయొలిన్ తీగలమ్మే కొట్లో
గుగ్గిలం బిళ్ల కొన్నాను.
"ఎంతవరకూ వచ్చింది పాఠం?" అడిగాడు పెద్దాయన.
"ఇంకా సరళీ వరసలేనండీ" అన్నాను.
నా వృత్తిలో అబద్ధం కూడా సాధన కిందే లెక్క.

చపాతీ కర్రతో నలిపి,
స్పిరిట్లో కరగేసి, పంచె చెంగులో వడగట్టి,
ముక్క వీపుకి ఒక్కటే చెయ్యి పూత.
ఎక్కువైతే జిగురు, తక్కువైతే నీళ్లు.
మధ్యలో ఎక్కడో గరుకు అనే ఊరుంది,
అక్కడికి వెళ్లే బస్సు నంబరు ఎవరూ చెప్పరు.

మొదటి పేక అప్పడాల కట్టయింది.
రెండోదానికి తెల్లగా పొడ లేచింది, బూజులా.
మూడోదాన్ని బట్టల తీగకి క్లిప్పులేసి ఆరబెడితే
కాశిమేడు గాలి రాత్రంతా నాకి
ఉప్పు పులిమి పోయింది.
జోకర్ని కాకి ఎత్తుకెళ్లింది.
దానికైనా పనికొస్తాడు.

కుదిరిన గరుకు ఎలా ఉండాలంటే,
వీపూ వీపూ ఆనిన రెండు ముక్కలు
ఒక్క ముక్కలా నడవాలి.
బొటనవేలు మెల్లగా అడిగితే
విడిపోవాలి, కోపం లేకుండా.
నా పెళ్లి పదకొండేళ్లు నడిచింది.
ఆ పోలిక ఇక్కడ రాయను.

ఐప్పసి ముసురులో చొక్కాల మూటతో కిందికి దిగాను.
మునిరత్నమ్మ తోపుడుబండి మీద
ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఊదుతోంది.
జేబులో మరిచిన కళావరు ఏడు ఆమె చేతికొచ్చింది.
చూడలేదు.
రెండు వేళ్ల మధ్య ఒకసారి జారనిచ్చింది, అంతే.
"ఏమప్పా, ముక్కకి గంజి పెట్టినావా?"

రెండు బడుల్లో, ఒక బ్యాంకు వార్షికోత్సవంలో,
ఎన్ని పుట్టినరోజుల్లోనో
ఏ కంటికీ దొరకనిది!

నేను నోరు తెరిచేలోగా
"చిక్కంగా పెట్టినావు. వానకారు గంజి వేరే, ఎండకారు గంజి వేరే.
పల్చగా రెండు తూర్లు పెట్టల్ల" అంటూ
పాత దుప్పటి పేలిక కప్పి
నా ఏడు మీద పెట్టె ఆనించింది.
ఒకటి, రెండు, మూడు.

పైకొచ్చి చూసుకున్నాను.
వేడికి గుగ్గిలం కరిగి అద్దమైపోయింది,
గరుకు పోయింది.
పండితురాలి మొదటి పొరపాటు.
ఆమెకి చెప్పలేదు.
కొత్త పేక కొనడానికి నూట యాభై లేవు,
ఆ ఏడుని దాని జంటకే మళ్లీ ఆనించాను.
మిగిలినవాటికి మాత్రం
పల్చగా, రెండు తూర్లు.

ఆదివారం ఎదురు అపార్టుమెంట్లో పుట్టినరోజు.
పేక విప్పాను విసనకర్రలా.
"మనసులో ఒక ముక్క అనుకో బాబూ, ఏదైనా."
ఏడేళ్లు నిండిన ఆ వెధవ
ఇంకేం అనుకుంటాడు?
"ఏడు! ఆ నల్ల పూలది!"

చేతులు చల్లబడ్డాయి.
బొటనవేలు ఇంకా అడగనే లేదు,
నున్నటి ఏడు తనంతట తానే
జంట వీపు మీంచి జారి
బయటికొచ్చి నిలబడింది.
పిల్లలు అరిచారు.
అందరికంటే నేనే ఎక్కువ నివ్వెరపోయాను,
పైకి మాత్రం, ఇదంతా మామూలే అన్నట్టు నవ్వాను.

తలుపు దగ్గర చీరల మూటతో మునిరత్నమ్మ.
చప్పట్లు కొట్టడానికి ముందు
ఆమె బొటనవేలు చూపుడువేలి మీద
ఒకసారి రాసుకుంది,
లేని ముక్కని తడిమినట్టు.
తర్వాత కొట్టింది, మూట కింద పెట్టి మరీ.

మెట్లు దిగుతూ పిలిచింది.
"ఆరు చొక్కాలు, అరవై.
ముక్కకి లెక్క లేదులే."