గాలికి పట్టే వ్యవధి

యోవిల్‌లో మంగళవారం. కిటికీ బయట సన్నవాన.
లోపల నేను రాసిన వాతావరణం: గాలి సున్నా, వాన లేదు.

ఉత్తుత్తి కాక్‌పిట్‌లో కూర్చున్నాడు డెరిక్ పెంగెల్లీ,
ఇరవై ఆరేళ్ళు నిజమైనవి నడిపినవాడు.
ఎడమచేతి లీవర్ కాస్త ఎత్తాడు.
తెరమీద పొలాలు బుద్ధిగా కిందికి జరిగాయి.
దించాడు. బుద్ధిగా పైకొచ్చాయి.
"మరీ మర్యాదస్తురాలు మీ హెలికాప్టర్," అన్నాడు,
"పడిపోయేటప్పుడు కూడా సెలవు అడుగుతోంది."

నాకు నవ్వు రాలేదు. గ్రాఫులు తీశాను.
కొలతల చుక్కలన్నిటినీ తాకుతూ
దారంలో పూలు గుచ్చినట్టు నా గీత.
అతను వాటికేసి చూడనేలేదు.
నడుము మీద చెయ్యి వేసి చూపించాడు:
"ఇక్కడ తెలియాలి."

అందరూ వెళ్ళాక సమీకరణాలు తిరగేశాను.
రెక్క గాలిని కిందికి తోస్తుంది,
తోసిన గాలిలోనే మళ్ళీ తిరగాలి.
తాను తవ్విన గోతిలోనే దాని కాపురం.
కానీ నా ప్రోగ్రాములో
రెక్క అడగకముందే గాలి ఊఁ అనేస్తోంది.
ఆలస్యం అనే గడిలో సున్నా.
పెట్టింది నేనే, నాలుగేళ్ళ కింద,
ఎవరో పెద్దలొస్తున్నారని, చకచకా నడవాలని.

ఆరో వంతు సెకను రాశాను.

గురువారం మళ్ళీ వచ్చాడు. లీవర్ ఎత్తాడు.
యంత్రం ముందు కొసరు వేసింది,
ఆనక చల్లగా వెనక్కి తీసుకుంది.
అతని మణికట్టు తనంతట తానే సర్దుకుంది.
అది నేను రాసింది కాదు.

ఏమంటాడోనని నిలబడ్డాను.
"సీటు గట్టిగా ఉంది," అన్నాడు,
"దీనికేమైనా సమీకరణం ఉందా?"